పొలం గట్టు మీద మధ్యవర్తి, కార్డు మీద కన్సల్టెంటు
భూమి బేరం చేయించే మనిషి హోదాలపై ఒక సమీక్ష

కొల్లేరు సరస్సు పక్కనున్న ఆకివీడు చుట్టుపక్కల భూమి బేరం చేయించే మనిషికి ఇప్పుడు పది పేర్లదాకా ఉన్నాయి. మధ్యవర్తి, పెద్దమనిషి, దళారి, బ్రోకరు, ఏజెంటు, కమీషన్ ఏజెంటు, కన్సల్టెంటు, ప్రాపర్టీ అడ్వైజరు, మార్కెటింగ్ ఎగ్జిక్యూటివ్, రియల్టరు. చాలాసార్లు ఇవన్నీ ఒకే మనిషివి. పొలం గట్టు మీద అతను మధ్యవర్తి, విజిటింగ్ కార్డు మీద కన్సల్టెంటు, బేరం చెడి గొడవ వచ్చిన రోజున బ్రోకరు. పేరు మారినప్పుడల్లా అతని బాధ్యత కూడా మారుతుందా? కొనేవాడు ఏ పేరు చూసి ఎంతవరకు నమ్మవచ్చు? ఈ ప్రశ్న చుట్టూ పదేళ్లుగా వాదనలు నడుస్తున్నాయి. 2016లో పార్లమెంటు చేసిన చట్టం ఒక జవాబు ఇచ్చింది. కొల్లేటి సీమలో ఆ జవాబు సగం దూరమే వచ్చి ఆగిపోయింది.

కరణం చావడి నాటి నుంచి

భూమి చేతులు మారడంలో మూడో మనిషి ఎప్పుడూ ఉన్నాడు. ఒకప్పుడు ఆ మనిషి ఊరి పెద్ద. ధర తేల్చేది, మాట తీసుకునేది, బయానా డబ్బు అందరి ఎదుటా చేతులు మార్పించేది ఆయనే. దానికి ఆయన శాతం అడిగేవాడు కాదు, పరపతి పెరగడమే ఆయనకు ఫలం. కాగితాల సంగతి కరణం చేతిలో ఉండేది. ఏ సర్వే నంబరులో ఎవరి పేరుంది, శిస్తు ఎవరు కడుతున్నారు అన్నది ఆయన లెక్కల్లో తప్ప బయట తెలిసేది కాదు. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కరణం, మునసబు ఉద్యోగాలను రద్దు చేసింది. అప్పటిదాకా ఒకరి దగ్గరే ఉన్న సమాచారం మండల కార్యాలయానికీ, రిజిస్ట్రారు ఆఫీసు ముందు కూర్చునే దస్తావేజు లేఖరికీ, ఆ రెండు చోట్లా తిరిగే మనిషికీ పంచుకుపోయింది. భూమి సమాచారమే బతుకుతెరువుగా ఉండే మధ్యవర్తికి అప్పుడే చోటు దొరికిందనుకోవాలి.

అదే కాలంలో కొల్లేటి చుట్టూ వరి చేలు చేపల చెరువులు అవుతూ వచ్చాయి. చెరువు తవ్వే పెట్టుబడి ఒకరిది, భూమి మరొకరిది. ఒక్కో చెరువు కింద పదిమంది రైతుల కమతాలు కలుస్తాయి. ఆ పదిమందినీ ఒక మాట మీదికి తెచ్చి, ఎకరానికి ఏటా ఇంతని లీజు ఒప్పించే మనిషి తప్పనిసరి అయ్యాడు. ఆ తర్వాత రోడ్ల పక్కన ప్లాట్లు వచ్చాయి. పామర్రు నుంచి పాలకొల్లు వైపు సాగే జాతీయ రహదారి ఆకివీడు మీదుగానే పోతుంది. ఊరు నగర పంచాయతీ అయి 2021 నవంబరులో ఎన్నికలు చూసింది. ఎకరాల్లో మాట్లాడుకున్న నేల సెంట్లలోకి, అక్కడి నుంచి గజాల్లోకి దిగింది. పెద్దమనిషి పోయి కార్డు పంచే మనిషి వచ్చాడు.

మాటలకు అంటిన రంగులు

ఈ పేర్లలో ఒక్కోదానికి ఒక్కో చరిత్ర ఉంది. దళారి అన్న మాట అరబ్బీ, పారశీకాల మీదుగా మనకు చేరింది. అసలు అర్థం బేరం కుదిర్చేవాడు అనే. మార్కెట్ యార్డుల్లో రైతు నష్టపోయినప్పుడల్లా ఆ మాటనే వాడటంతో అది నిందగా స్థిరపడింది. బ్రోకరుకు ఇంకా పెద్ద అన్యాయం జరిగింది. ఇంగ్లీషులో షేర్ల బ్రోకరు గౌరవంగా బోర్డు పెట్టుకుంటాడు. తెలుగులో ఆ మాట తిట్టు. అందుకే ఎవరూ దాన్ని కార్డు మీద వేయించుకోరు. ఏజెంటు అన్నా ఆకివీడులో వెంటనే భూమి గుర్తుకు రాదు. మేత కంపెనీ ఏజెంటు, చేపలు ఎగుమతి చేయించే కమీషన్ ఏజెంటు ముందు గుర్తొస్తారు. ఈ చిక్కులన్నీ తప్పించుకోవడానికి దొరికిన పేరు కన్సల్టెంటు. దానికి చెడ్డపేరు లేదు, అర్థమూ గట్టిగా లేదు.

మధ్యవర్తి మన మాట, మర్యాదైన మాట. అయితే అందులోనూ ఒక చిక్కు ఉంది. మధ్యలో ఉన్నవాడంటే ఎవరి పక్షమూ కానివాడని వినిపిస్తుంది. తగవు తీర్చే మధ్యవర్తి విషయంలో అది నిజం. పోలీసులు, రెవెన్యూవాళ్లు రాయించే మధ్యవర్తుల నివేదికలోనూ అర్థం అదే. భూమి బేరంలో మధ్యవర్తి మాత్రం బేరం తెగితేనే డబ్బు వచ్చే మనిషి. బేరం తెగకపోవడమే కొనేవాడికి మేలైన రోజున కూడా అతనికి అది తెగడమే కావాలి. ఈ తేడాను ఆ మంచి పేరు కప్పేస్తోంది.

2016 చట్టం ఏమంది

ఉల్లిపాయల హోల్‌సేలు వ్యాపారానికి పేరుపడ్డ తాడేపల్లిగూడెంలో కమీషన్ ఏజెంటుగా కూర్చోవాలంటే 1966 నాటి మార్కెట్ల చట్టం కింద మార్కెట్ కమిటీ లైసెన్సు ఉండాలి. ఉల్లి బస్తా అమ్మించడానికి లైసెన్సు అడిగిన ప్రభుత్వం, ఒక కుటుంబం జీవితకాలపు పొదుపంతా పెట్టే స్థలం అమ్మించేవాడిని 2017 దాకా మన రాష్ట్రంలో ఏమీ అడగలేదు. హర్యానా మాత్రం ముందే మేలుకుని 2008లో ప్రాపర్టీ డీలర్లు, కన్సల్టెంట్ల నియంత్రణకు ప్రత్యేక చట్టం చేసుకుంది.

దేశమంతటికీ వర్తించే స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టం 2016 మార్చిలో వచ్చింది. జనం రెరా అంటున్నది దీన్నే. 2017 మే 1 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ తన నిబంధనలను 2017లోనే ప్రకటించింది. ఇందులో స్థిరాస్తి ఏజెంటుకు ఇచ్చిన నిర్వచనం జాగ్రత్తగా చదవదగ్గది. ప్రాజెక్టులోని ప్లాటు, ఫ్లాటు, భవనం ఒకరి తరఫున బేరమాడి, అందుకు కమీషనో ఫీజో మరేదో పుచ్చుకునే ప్రతివాడూ ఏజెంటే. కొనేవాడినీ అమ్మేవాడినీ ఏ మాధ్యమం ద్వారానైనా పరిచయం చేసేవాడూ ఏజెంటే. ప్రాపర్టీ డీలర్లు, బ్రోకర్లు, మధ్యవర్తులు, వాళ్లను ఏ పేరుతో పిలిచినా సరే, ఈ నిర్వచనం కిందికే వస్తారు.

ఏ పేరుతో పిలిచినా సరే అన్న ఆ నాలుగు మాటలతో పేర్ల తగాదాను చట్టం పక్కన పెట్టేసింది. కార్డు మీద ఏముందన్నది దానికి అక్కర్లేదు, చేసిన పనినే చూస్తుంది. రెరా కింద నమోదైన ప్రాజెక్టులో తాను నమోదు కాకుండా అమ్మించిన ఏజెంటుకు రోజుకు 10,000 రూపాయల చొప్పున జరిమానా పడుతుంది, అది ఆ ఆస్తి విలువలో 5 శాతం దాకా పెరగవచ్చు. నమోదు కాని ప్రాజెక్టులో అసలు అమ్మించనే కూడదు. నమోదైనవాడికి ఇచ్చే నంబరును అతను చేయించిన ప్రతి అమ్మకంలోనూ చూపాలి. తనకు లేని ఆమోదమో అనుబంధమో ఉన్నట్టు చెప్పుకోవడం అనుచిత వ్యాపార పద్ధతి. ఈ చివరిదాన్ని కొనుగోలుదారులు పెద్దగా పట్టించుకోవడం లేదు కానీ, హోదాల చర్చలో దీనికి మించిన పనిముట్టు లేదు. కన్సల్టెంటు అని రాసుకోవడం తప్పు కాదు. రెరా ఏజెంటు కాకుండా రెరా ఏజెంటునని రాసుకుంటే తప్పు.

చట్టం ఆగిపోయిన గట్టు

ఇంతవరకూ బాగానే ఉంది. అయితే ఈ నిర్వచనమంతా ప్రాజెక్టు అన్న మాట మీద నిలబడి ఉంది. 500 చదరపు మీటర్లు దాటని నేలకూ, ఎనిమిది ఫ్లాట్లు దాటని కట్టడానికీ ప్రాజెక్టు నమోదు అక్కర్లేదు. 500 చదరపు మీటర్లంటే మన లెక్కలో పన్నెండు సెంట్ల పైచిలుకు. ఊళ్లో పది సెంట్ల దొడ్డిని రెండు ముక్కలు చేసి అమ్మించినవాడు, పాత డాబా ఇల్లు అమ్మించినవాడు ఈ చట్రానికి బయటే. వరిచేను అమ్మించినవాడు బయటే. చేపల చెరువు లీజు కుదిర్చినవాడు ఇంకా బయట.

ఆకివీడు, కైకలూరు, నిడమర్రు ప్రాంతాల్లో మధ్యవర్తులకు పనంతా దాదాపు ఇక్కడే. అంటే చట్టం ఇచ్చిన ఒకే ఒక్క గట్టి హోదా ఈ సీమలో ఎక్కువ బేరాలను తాకదు. పైగా ఇక్కడి భూమికి మరెక్కడా లేని చిక్కులున్నాయి. 1999లో ప్రభుత్వం కొల్లేటిలో ఐదో కాంటూరు (ఐదడుగుల ఎత్తును చూపే గీత) దాకా, అంటే 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యంగా ప్రకటించింది. ఆకివీడు మండలంలో కొంత భాగమూ అందులో ఉంది. 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2005-06లో అభయారణ్యం లోపలి చెరువుల గట్లు తెగ్గొట్టారు. ఆ గీత లోపల సొంత జిరాయితీ భూములూ ఉన్నాయి, ప్రభుత్వం పేదలకు పంచిన డి-ఫారం పట్టాలూ ఉన్నాయి, సొసైటీలకు ఇచ్చినవీ ఉన్నాయి. పట్టా పుస్తకం చేతిలో ఉన్నంత మాత్రాన అక్కడ చెరువు తవ్వే హక్కు ఉన్నట్టు కాదు. డి-ఫారం భూముల బదిలీని 1977 నాటి చట్టం ఎంత బిగించిందో తెలియక కొన్నవాళ్లు ఈ సీమలో తక్కువమంది కారు.

ఇలాంటి చోట మధ్యవర్తి నోటి నుంచి రావలసిన మొదటి మాట ధర కాదు, కాంటూరు. ఏ హోదా ఉన్నా లేకున్నా ఆ మాట ముందే చెప్పేవాడు నిజంగా కన్సల్టెంటే. చెప్పాలన్న నిబంధన మాత్రం అతని మీద ఏదీ లేదు.

అమెరికా రియల్టరు, మన పేపర్ల రియల్టరు

ఈ ప్రాంతపు పిల్లలు డాలస్‌లో, న్యూజెర్సీలో ఇళ్లు కొంటున్నారు. అక్కడి మాటలు ఫోన్లలో ఇక్కడికి వస్తున్నాయి. అందులో ఎక్కువ గందరగోళం చేసింది రియల్టరు అన్న మాట. అది వృత్తి పేరు కాదు. 1908లో షికాగోలో మొదలైన ఒక జాతీయ సంఘం సభ్యులు మాత్రమే వాడుకోగల ట్రేడ్‌మార్కు. 1916లో మినియాపొలిస్‌కు చెందిన చార్లెస్ చాడ్‌బోర్న్ దాన్ని సృష్టించాడు. ఆ సంఘంలో లేని ఏజెంటుకు లైసెన్సు ఉన్నా రియల్టరు కాడు. మన తెలుగు పేపర్లలో రియల్టరు అంటే వెంచరు వేసిన వ్యాపారి. అక్కడ అమ్మించేవాడు, ఇక్కడ అమ్మేవాడు. ఒకే మాట బేరంలో రెండు ఎదురుబొదురు కుర్చీలకు అంటుకుంది.

అక్కడ బ్రోకరు పెద్ద హోదా. చాలా రాష్ట్రాల్లో కొత్తగా లైసెన్సు తీసుకున్న సేల్స్‌పర్సన్ ఎవరో ఒక బ్రోకరు కింద పనిచేయాలి, తప్పు జరిగితే ఆ బ్రోకరు కూడా జవాబుదారీ. వాషింగ్టన్ రాష్ట్రం 2010 నుంచి కొత్తవాళ్లనే బ్రోకర్లని పిలుస్తూ పైవాళ్లకు వేరే పేర్లు పెట్టింది. కాబట్టి సియాటిల్ బ్రోకరూ డాలస్ బ్రోకరూ ఒకటి కాదు. ఇన్ని హోదాలున్న దేశంలో కూడా అసలు గొడవ పేరు మీద రాలేదు, కమీషను ఎవరు ఇస్తున్నారన్న దాని మీద వచ్చింది. కొనేవాడి ఏజెంటుకు అమ్మేవాడి డబ్బులోంచి కమీషను వెళ్లే పద్ధతి మీద కేసులు పడ్డాయి. 2024 మార్చిలో రియల్టర్ల సంఘం 41.8 కోట్ల డాలర్లకు రాజీ పడింది. అదే ఏడాది ఆగస్టు 17 నుంచి, సంఘం కొత్త నియమాల ప్రకారం, ఇల్లు చూపించే ముందే కొనేవాడితో రాతపూర్వకమైన ఒప్పందం చేసుకోవాలి. అందులో కమీషను ఎంతో తేల్చి రాయాలి. మనం అక్కడి నుంచి తెచ్చుకోవలసింది ఈ కాగితాన్ని, రియల్టరు అన్న మాటను కాదు.

మూడు వాదనలు

ఈ చర్చలో ప్రధానంగా మూడు పక్షాలు కనిపిస్తాయి. మొదటి పక్షం నమోదు ఒక్కటే హోదా అంటుంది. నంబరున్నవాడు ఏజెంటు, లేనివాడు బయటివాడు. నంబరుంటే ఫిర్యాదు చేసేందుకు ఒక చిరునామా ఉంటుంది, నమోదు రద్దు చేయించే దారి ఉంటుంది. ఇందులో బలం ఉంది. లోపం ఏమిటంటే నమోదు మనిషి ఎవరో చెబుతుంది, అతనికి ఏం తెలుసో చెప్పదు.

రెండో పక్షం చదువు, పరీక్ష కావాలంటుంది. మహారాష్ట్ర 2023 నుంచి ఏజెంట్లకు శిక్షణ, పరీక్ష తప్పనిసరి చేసింది. అడంగల్, 1బి, ఈసీ వంటి భూమి కాగితాలు, నిషేధిత భూముల 22ఎ జాబితా చదవడం రానివాడు భూమి అమ్మించకూడదన్నది న్యాయమైన మాటే. పల్లెల్లో తరతరాలుగా ఈ పని చేస్తున్న, పెద్దగా చదువుకోని మనుషుల పొట్టకొట్టి పట్నం కంపెనీలకు దారి వేస్తారన్న భయాన్నీ తోసిపుచ్చలేం. వాళ్లలో చాలామందికి సర్వే నంబర్లు నాలుక మీద ఉంటాయి. ఏ బోదె ఎటు పారుతుందో, ఏ గట్టు మీద తగవుందో వాళ్లకు తెలిసినట్టు పరీక్ష రాసినవాడికి తెలియదు.

మూడో పక్షం ఊరి నమ్మకమే చాలంటుంది. మోసం చేసినవాడు మళ్లీ అదే బజారులో తిరగాలి, ఆ సిగ్గే అతని లైసెన్సు అన్నది వాళ్ల మాట. కొనేవాడూ అమ్మేవాడూ మధ్యవర్తీ ఒకే ఊరివాళ్లయినప్పుడు ఇది పనిచేసింది. ఇప్పుడు కొనేవాడు బెంగళూరులో, అమ్మేవాడి కొడుకు అమెరికాలో, మధ్యవర్తి భీమవరంలో ఉంటున్నారు. ఎవరు ఎవరి బజారులో సిగ్గుపడాలి?

మూడు పక్షాలూ వదిలేసిన ఒక సంగతి ఉంది. అసలు నష్టం అక్కడే జరుగుతోంది కాబట్టి దాన్ని కొంచెం దగ్గరగా చూడాలి.

అగ్రిమెంటులో ఒక వాక్యం

రైతు ఎకరం 40 లక్షలకు ఇస్తానంటాడనుకుందాం. మధ్యవర్తి కొంత బయానా ఇచ్చి తన పేర అగ్రిమెంటు రాయించుకుంటాడు. మూడు నెలలో ఆరు నెలలో గడువు. ఆ కాగితంలో ఒక వాక్యం ఉంటుంది. మిగిలిన సొమ్ము ముట్టిన మీదట తమ పేర గానీ తాము కోరిన వారి పేర గానీ రిజిస్టరు చేయించగలవాడను అని. గడువులోగా అతను 46 లక్షలకు మరొకరిని తెస్తాడు. రిజిస్ట్రేషను రైతు నుంచి నేరుగా ఆ కొత్త మనిషికి జరుగుతుంది. మధ్యలోని ఆరు లక్షలు ఏ దస్తావేజులోనూ కనపడవు. దీనిమీద అతను కొనేవాడి దగ్గర రెండు శాతం కమీషను కూడా పుచ్చుకుంటాడు, ఏజెంటునని చెప్పి.

అతను ఏజెంటా? ఆ అగ్రిమెంటు ఉన్నంతసేపూ అతను కొనుగోలుదారు, తర్వాత అమ్మకందారు. అగ్రిమెంటు మీద తిప్పుకోవడం వ్యాపారం, అందులో నేరం లేదు. నేరమనిపించేది రెండు టోపీలూ ఒకేసారి పెట్టుకోవడం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ఈ సంగతిని ఎప్పుడో పట్టుకుంది. ఒకరి తరఫున పనిచేసే ఏజెంటు, యజమానికి తెలియకుండా అదే పనిలో సొంత బేరం చేసుకుంటే, ఆ లాభం తనకు ఇమ్మని యజమాని అడగవచ్చని 216వ సెక్షను చెబుతుంది. వేరే ఒప్పందం లేకుంటే పని పూర్తి కాకుండా కమీషను బాకీ పడదని 219, తప్పుడు నడవడి ఉన్న పనికి కమీషనే లేదని 220 చెబుతాయి. ఈ సెక్షన్లకు ప్రాజెక్టుతో పనిలేదు. చేనుకూ చెరువుకూ పాత డాబాకూ అన్నిటికీ వర్తిస్తాయి. వాటిని వాడుకోవాలంటే అతను నా ఏజెంటు అని రుజువు కావాలి, మన దగ్గర లేనిది ఆ రుజువే. మధ్యవర్తి సంతకం అగ్రిమెంటు మీద ఎక్కడైనా ఉంటే సాక్షిగా ఉంటుంది. సాక్షి సంతకం చూశానని మాత్రమే చెబుతాడు, జవాబుదారీ తీసుకోడు.

పక్కపక్కన పెట్టి చూస్తే

మధ్యవర్తి, బ్రోకరు, కన్సల్టెంటు: వాడుక పేర్లు. ఏ కార్యాలయమూ ఇచ్చినవి కావు. చేనూ చెరువూ అయితే కాంట్రాక్టు చట్టమే దిక్కు.

రెరా ఏజెంటు: చట్టం ఇచ్చిన హోదా. నంబరు ఉంటుంది, గడువు ఉంటుంది. ప్రాజెక్టుల్లోని ప్లాట్లు, ఫ్లాట్లకే పనికొస్తుంది.

మార్కెటింగ్ ఎగ్జిక్యూటివ్: వెంచరు వేసినవాడి జీతగాడో, శాతం మీద తిరిగే మనిషో. కొనేవాడి తరఫు మాత్రం ఎన్నడూ కాడు.

ప్రమోటరు, డెవలపరు, బిల్డరు, మన వాడుకలో రియల్టరు: అమ్మకందారులు. వీళ్లను ఏజెంట్లతో కలపకూడదు.

దస్తావేజు లేఖరి: కాగితం రాసేవాడు. బేరం కూడా అతనే కుదిర్చితే, కాగితంలోని లోపం ఎత్తి చూపే మనిషి ఇక మిగలడు.

అగ్రిమెంటుదారు: కార్డు మీద ఎప్పుడూ కనపడని హోదా. అందరికన్నా ముందు తెలుసుకోవలసింది ఇదే.

ఇంకా తేలనివి

యూట్యూబులో స్థలాలు చూపించి ఫోన్ నంబరు ఇచ్చే చానళ్లు ఏజెంట్లా? ఏ మాధ్యమం ద్వారానైనా పరిచయం చేసి ఫీజు తీసుకుంటే అన్న మాటల ప్రకారం చూస్తే, ప్రాజెక్టు ప్లాట్ల విషయంలో అవుననే అనాలి. ప్రకటన మాత్రమే వేశాం, పరిచయం చేయలేదని వాళ్లంటారు. ప్రకటనకూ పరిచయానికీ మధ్య గీత ఎక్కడన్నది అందరూ ఒప్పుకునేలా తేలలేదు.

కమీషను ఎంతన్నది ఇంకొకటి. రెరా చట్టం దానికి పై హద్దు పెట్టలేదు. రెండు వైపులా తీసుకోవడాన్ని పేరుపెట్టి నిషేధించనూ లేదు. రెండు వైపులా తీసుకునేవాడు ఇద్దరికీ చెప్పి తీసుకోవాలన్న చిన్న నిబంధన చాలు, సగం అనుమానాలు పోతాయి.

అన్నిటికన్నా పెద్దది వ్యవసాయ భూమి. చేనూ చెరువూ అమ్మించేవాళ్లను కూడా నమోదు పరిధిలోకి తేవాలా అన్న చర్చ మన రాష్ట్రంలో గట్టిగా మొదలే కాలేదు. తేవాలన్నదే ఈ వ్యాసకర్త అభిప్రాయం, అయితే పరీక్షలతో కాదు. మండల స్థాయిలో ఒక పుస్తకం, అందులో పేరు, అగ్రిమెంటు రాసేటప్పుడు సాక్షుల కింద మధ్యవర్తి అని ఒక గడి, అక్కడ అతని సంతకం, పుచ్చుకున్న మొత్తం. ఊరి మధ్యవర్తి పొట్టకు దీనివల్ల లోటు రాదు. ఇన్నాళ్లూ తిట్టుగా మిగిలిన పనికి కాస్త మర్యాద వస్తుంది.

అలాంటి గడి సర్కారు పెట్టేదాకా కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ తామే పెట్టుకోవచ్చు. బయానా ఇచ్చే ముందు ఒక తెల్ల కాగితం మీద మూడు సంగతులు రాయించి సంతకం పెట్టించండి. ఇతను ఎవరి తరఫు, ఎవరి దగ్గర ఎంత పుచ్చుకుంటున్నాడు, ఈ భూమి మీద అతని పేర గానీ అతని మనుషుల పేర గానీ అగ్రిమెంటు ఉందా లేదా. ఆ కాగితం మీద సంతకం పెట్టనన్నవాడితో బేరం ఆపండి, అతని కార్డు మీద ఏ పేరున్నా సరే.